ఎవరికీ అక్కర్లేని నూనె

గాలి అందరిదీ. కనుక దాన్ని శుభ్రం చేసే ఖర్చు అందరికంటే పాత కార్లున్నవాళ్లు భరించడమే న్యాయమని ప్రభుత్వంవారు ఎంతో ఆలోచించి తేల్చారు. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ని కాబట్టి ఇది అర్థం కావడానికి నాకు ఆరేళ్లు పట్టింది. (చదువుకున్నవాళ్లకు ఇంకా అర్థం కాలేదు.)

సూత్రం సులువే. పెట్రోలులో మొక్కల ఇంధనం కలిపినవాడికి ఒక చీటీ ఇస్తారు. కలపనివాడు ఆ చీటీ కొనుక్కోవాలి. హైవే మీది పెద్ద బంకుకు కలుపుకునే ట్యాంకులు సొంతంగా ఉన్నాయి. చీటీలు వస్తాయి, అమ్ముకుంటారు, ధర తగ్గిస్తారు. ష్రీవ్‌పోర్ట్ ఊళ్లోని మా నల్లవాళ్ల పేటలో ఆర్థెల్ పెటిగ్రూకి ఉన్నవి రెండు పంపులు. అతనికి వచ్చేది కలిపేసిన సరుకు. చీటీ ఆ సరుకు పంపే డీలరు దగ్గరే ఆగిపోతుంది, దాని ధర మాత్రం పంపు దాకా నడిచొస్తుంది. మంచి కార్లున్నవాళ్లు హైవేకి పోయారు. అంతదూరం పోలేని కార్లవాళ్లం ఆర్థెల్‌కి మిగిలాం.

నా ట్రక్కులో పెట్రోలు ఎంతుందో చూపే ముల్లు చచ్చి తొమ్మిదేళ్లయింది. మా చర్చి పెద్దమ్మ ఎర్లీన్‌ని వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి తీసుకెళ్లేది ఆ ట్రక్కే. ఆర్థెల్ బంకు మూతపడితే ఆవిడ ఎలా వెళ్తుందన్నది ఏ ఫారంలోనూ లేని ప్రశ్న.

అలాగని ప్రభుత్వం మమ్మల్ని మరిచిపోలేదు. అల్పసంఖ్యాక చిరువ్యాపారుల ఇంధన భాగస్వామ్య ఉపవిభాగం అని ఒకటి పెట్టింది. (విభాగమే పెట్టేంతమంది మేం లేం.) ఆర్థెల్ ప్రతి శుక్రవారం బంకు వెనక జెల్ల చేపలు వేయించి అమ్ముతాడు. వాడేసిన ఆ నూనెను ఇంధనానికిస్తే అతనికీ చీటీలొస్తాయట. ముప్పై ఎనిమిది పేజీల ఫారం నేనే నింపాను. నూనె జన్మస్థలం అన్నచోట మూకుడు అని రాశాను.

ఉపవిభాగం నుంచి తనిఖీకి హాల్వర్సన్ మేడమ్ సరిగ్గా శుక్రవారమే వచ్చింది. మర్యాదస్తురాలు. ఆర్థెల్ చెయ్యవలసిందల్లా ఒక్కటే, ఆ నూనె చెత్త అని ఒప్పుకోవడం. ఆ సమయానికి ఎర్లీనమ్మ పక్కనే నిలబడి నూనెను గుడ్డలో వడకట్టి సీసాలో పోసుకుంటోంది. జెల్ల వేగిన నూనెను మా పేటలో ఎవరూ పారబొయ్యరు. వచ్చేవారం చేపకు రుచి దాంట్లోంచే రావాలి.

ఇది ఎవరికైనా పనికొస్తుందా అని మేడమ్ అడిగింది. నేను ఆర్థెల్ కాలు తొక్కాను. కానీ తన మూకుడు గురించి అబద్ధమాడే మనిషి కాదు అతను.

"పనికి రావడమేంటి తల్లీ, దీనికోసం కొట్టుకుంటారు. ఒక్క సీసా ఇస్తానంటే మా పాస్టరు ప్రసంగం అరగంట తగ్గించాడు."

మేడమ్ రాసుకుంది. పదిమంది కోరుకునేది చెత్త కాదు, చెత్త కానిదానికి చీటీ లేదు. అయితే రేపట్నుంచి పారబోస్తానన్నాడు ఆర్థెల్. మంచి నూనెను చెత్తగా చూపడం మోసం కిందికొస్తుందని ఆవిడ మెత్తగా చెప్పింది. ఇంకో దారుందంది. కష్టాల్లో ఉన్నవాళ్లకు చీటీ ఖర్చు నుంచి మినహాయింపు.

"మీ రిఫైనరీలో రోజుకి ఎన్ని పీపాలు శుద్ధి చేస్తారండీ?"

"రిఫైనరీయే ఉంటే ఎండలో నిలబడి చేపలెందుకు వేయిస్తానమ్మా?"

"అయ్యో, లేదా? మినహాయింపు చిన్న రిఫైనరీల కష్టాలకేనండీ."

"పాపం, వాళ్లకీ కష్టాలుంటాయన్నమాట," అంది ఎర్లీనమ్మ, సీసా మూత బిగిస్తూ.

మేడమ్ నిజంగానే బాధపడింది. రెండు ముక్కలు తిని, నూనె అద్భుతంగా ఉందని చెప్పి, అదీ రాసుకుని వెళ్లిపోయింది.

హైవే ధరకు తట్టుకోలేక ఆర్థెల్ బంకు మూసేశాడు, మార్చిలో పంపులు పీకేశారు. ముల్లు లేని నా ట్రక్కు హైవే బంకుకు చేరకుండానే రెండుసార్లు దారిలో ఆగిపోయింది. ఎర్లీనమ్మ ఇప్పుడు రెండు బస్సులు మారి ఆసుపత్రికి వెళ్తోంది. వారానికి మూడుసార్లు కాస్తా రెండయ్యాయి.

జూన్‌లో ఉపవిభాగం నుంచి అభినందన ఉత్తరం వచ్చింది. మా పేటలో పెట్రోలు అమ్మకం సున్నాకి దిగిందట, ఇంతగా శుభ్రపడిన పేట రాష్ట్రంలోనే లేదట. ఆ తగ్గుదలకు రావలసిన చీటీలు హైవే బంకుకిచ్చారు. (తీసుకోవడానికి పేటలో ఇంకో బంకు లేదుగా.) మాకు మాత్రం జ్ఞాపిక. దాన్ని అందుకోవడానికి పేట పెద్దగా ఎర్లీనమ్మ స్వయంగా రావాలట, పద్దెనిమిది మైళ్ల అవతల, సోమవారం ఉదయం, డయాలిసిస్ వేళకు.

పార్కింగ్ ఉచితమని అడుగున రాశారు.