ఆదివారం ప్రార్థన వంతు

శుక్రవారం పొద్దున్న పడవల మెకానిక్ బొంగ్‌సిక్ మూడు పనులు పెట్టుకున్నాడు. రేవులో రెండు ఇంజన్లకు ఆయిల్ మార్చాలి. పెరట్లో ముల్లంగి మడికి కలుపు తీయాలి. గొంతు పోగొట్టుకోవాలి.

మూడోది ముందు మొదలుపెట్టాడు. మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని అన్నం బల్ల ముందు కూర్చున్నాడు.

వాళ్ళుండే దీవిలో చర్చి ఒక్కటే. ఆదివారం ఆరాధనలో సంఘం తరఫున ఒకరు ముందుకొచ్చి మూడు నిమిషాలు ప్రార్థన చేయాలి. ఎవరి వంతు ఎప్పుడో తలుపు మీద కాగితం అంటిస్తారు. ఎల్లుండి వంతు బొంగ్‌సిక్‌ది.

పదకొండేళ్ళ క్రితం ఒకసారి నిలబడ్డాడు. "ప్రభువా" అన్నాడు. రెండో మాట రాలేదు. భార్య రాసిచ్చిన కాగితం చేతిలోనే ఉంది, అక్షరాలు చీమల్లా పాకాయి. మైకులో ఆయన ఊపిరి ఒక్కటే వినిపించింది. ఎంతసేపటికో వెనక వరుసలో ఎవరో జాలిపడి "ఆమేన్" అన్నారు. ఆ తరవాత వంతు వచ్చిన ప్రతిసారీ నడుం నొప్పి, పంటి నొప్పి, అత్తగారికి నొప్పి. ఇక నొప్పులు మిగల్లేదు. తుఫానులో సముద్రం మీదకు పొమ్మంటే పోతాడు గాని ఆ మైకు ముందుకు పొమ్మంటే మాత్రం పోడు.

"ఏంటా గుడ్డ?" అంది భార్య ఒక్‌రాన్, పులుసు గిన్నె పెడుతూ.

గొంతు చూపించాడు. చెయ్యి అటూ ఇటూ ఊపాడు.

"మాట రావట్లేదా? ఎప్పట్నించి?"

నాలుగు వేళ్ళు చూపించాడు.

"నాలుగు రోజులా! నువ్వు మాట్లాడితే గదా, పోయిందో ఉందో నాకు తెలిసేది!" అంది. అని, చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆమె ముఖం పాలిపోయింది. "మా అన్నకీ ఇట్లాగే మొదలైంది, మిన్‌జూ నాన్నా."

బొంగ్‌సిక్‌కు గుండె జారింది. బావమరిది గొంతులో గడ్డతో పోయాడు. ఆ సంగతి ఆయన మరిచేపోయాడు. కాదు, ఉట్టిదే అని చెప్పడానికి నోరు తెరిచాడు. చెబుదామనేసరికి ఆదివారం కళ్ళ ముందుకొచ్చింది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

నోరు తెరిచినా మాట రాలేదని ఒక్‌రాన్ చెప్పులైనా వేసుకోకుండా బయటకు పరుగెత్తింది.

గంట తిరక్కుండా పక్కింటి మల్‌సూన్ జావ కుండతో వచ్చింది. చర్చిలో వంటంతా ఆమెదే. ఊళ్ళో ఎవరికి ఏమొచ్చినా ముందు ఆమె జావ వస్తుంది, తరవాతే మందు. "తిను బావా. మింగుడు పడకపోతే చెప్పు, ఇంకా పలచగా కాస్తా" అని చేతి గుడ్డతో కళ్ళు ఒత్తుకుంది. ఆకలి మీదున్న బొంగ్‌సిక్ రెండు గిన్నెలు గబగబా తిన్నాడు. "పాపం, ఎన్నాళ్ళయిందో తిని" అని ఆమె ఇంకా ఏడ్చింది.

పది గంటలకు ఊళ్ళో అది గడ్డ అయింది. పదకొండుకు ఆపరేషన్ అయింది. సంఘ పెద్ద ప్యో వచ్చి ఆయన మెడ మీద చెయ్యి వేసి, "ఉంది. నాకు చేతికి తగుల్తోంది" అన్నాడు.

అది ఏ మగాడికైనా ఉండే గొంతుముడే. అయినా ప్యో వెళ్ళాక బొంగ్‌సిక్ అద్దంలో రెండుసార్లు చూసుకున్నాడు. నిజంగానే పెద్దదైనట్టు అనిపించింది. అబద్ధమాడిన గొంతును దేవుడు అట్లాగే ఉంచేస్తేనో? గుడ్డ ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

పన్నెండుకు పాస్టరు నామ్ వచ్చాడు. ఆయన చిన్నవాడు, దీవికి వచ్చి రెండేళ్ళే. "అవతలి ఒడ్డున ఆసుపత్రితో మాట్లాడానండి. రెండింటికి రమ్మన్నారు. ఫెర్రీ పోయింది, గిల్‌హో పడవలో వెళ్దాం. మన సంఘమంతా పొద్దున్నించీ మీ కోసం ఉపవాసం."

బొంగ్‌సిక్ జావ తిన్న గిన్నెను బల్ల కిందికి జరిపాడు.

పడవలో ఒక్‌రాన్, ప్యో, జావ కుండ వదలని మల్‌సూన్‌తో కలిపి తొమ్మిది మంది ఎక్కారు. రేవు దాటగానే పాస్టరు, "అందరం గొంతెత్తి అడుగుదాం" అన్నాడు. "ప్రభూ! ప్రభూ! ప్రభూ!" అని మూడుసార్లు కేకవేసి, తొమ్మిదిలో ఎనిమిది మంది ఒక్కసారే, ఎవరి ప్రార్థన వారు, గుండెలు బాదుకుంటూ అందుకున్నారు. చుక్కాని పట్టుకున్న గిల్‌హో కూడా కళ్ళు మూసుకున్నాడు.

ఆ గోలలో బొంగ్‌సిక్ చెవిన ఒకటి పడింది. పడింది కాదు, పడటం మానేసింది అనాలి. ఇంజన్‌ను చల్లబరిచి పడవ పక్కనుంచి పడే నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. పొగగొట్టం పొడిగా దగ్గుతోంది. ఇంజన్‌కు నీళ్ళు అందటం లేదు. ఇంకో ఐదు నిమిషాలు ఇట్లాగే నడిస్తే ఇంజన్ బిగుసుకుపోతుంది. ఎడమ పక్క రాళ్ళున్నాయి, పోటు అటే లాగుతోంది.

బొంగ్‌సిక్ గిల్‌హో చొక్కా పట్టి లాగాడు. ఇంజన్ వైపు వేలు చూపించాడు. చెవి చూపించాడు.

"నొప్పి చెవికి పాకింది!" అని మల్‌సూన్ కేకపెట్టింది.

ప్రార్థన రెట్టింపయింది. ప్యో వచ్చి బొంగ్‌సిక్ నెత్తిన రెండు చేతులూ అదిమాడు. బొంగ్‌సిక్ లేవబోతే ఇద్దరు పట్టుకున్నారు. కాలిన రబ్బరు వాసన మొదలైంది. రాళ్ళ మీద కూర్చున్న పక్షులు కళ్ళకు కనబడుతున్నాయి. నోరు విప్పితే దీవిలో ముఖం చూపించలేడు. విప్పకపోతే చూపించడానికి ముఖమే ఉండదు.

"నోళ్ళు మూయండి!" అని అరిచాడు. "ఇంజన్ కాలిపోతోంది! గిల్‌హో, ఆపరా!"

ప్రార్థన తెగిపోయింది. గిల్‌హో ఆపేశాడు. బొంగ్‌సిక్ ప్యో చేతుల కిందనుంచి దూరి, ఇంజన్ గది మూత ఎత్తి కిందికి దిగాడు. నీళ్ళు లాగే గొట్టం మూసి, జల్లెడ విప్పాడు. చేతులకు వాటి దారి తెలుసు. లోపల ప్లాస్టిక్ సంచి ముద్దయి ఇరుక్కుంది. పీకి పారేశాడు. నీళ్ళు తోడే రబ్బరు చక్రం మీద వేలు తిప్పి చూశాడు. మూడు రెక్కలు పోయాయి, మిగతావి ఉన్నాయి. గొట్టం మళ్ళీ తెరిచాడు. "ఇంజన్ వెయ్యరా గిల్‌హో. మెల్లగా."

ఇంజన్ అందుకుంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. పక్కనుంచి నీళ్ళు మళ్ళీ పడ్డాయి. రాళ్ళు పడవ వెడల్పంత దూరంలో వెనక్కి పోయాయి.

ముందు తేరుకున్నది ప్యో. "మాట! మాట వచ్చింది! హల్లెలూయా!"

అందరూ ఏడ్చారు. ఒక్‌రాన్ మొగుడి మెడ పట్టుకుని ఏడ్చింది. పాస్టరు కళ్ళు తుడుచుకుని, "ఆదివారం ప్రార్థన ఒక్కటే చాలదండి. ఈ అద్భుతమంతా సాక్ష్యం చెప్పాలి మీరు. అరగంట" అన్నాడు.

బొంగ్‌సిక్ పడవ అంచు పట్టుకున్నాడు.

"నా గొంతుకేం కాలేదు" అన్నాడు. "అబద్ధం. ఆదివారానికి భయపడ్డా. ముందు నిలబడితే నాకు చచ్చిపోతున్నట్టుంటుంది. మీరంతా పస్తులున్నారు. నేను జావ తిన్నా."

 ఒక్‌రాన్ ఆయన వీపు మీద ఒకటి చరిచింది. "నీ నోరు పడిపోను! మా అన్నని గుర్తు చేసి చంపావు గదయ్యా పొద్దున్నించీ!" ఇంకొకటి చరిచింది. అక్కడే, ఆయన పక్కనే కూర్చుంది.

ప్యో తన రెండు చేతులూ చూసుకుని జేబుల్లో పెట్టుకున్నాడు.

పాస్టరు రాళ్ళ వైపు చూశాడు. "ఎనిమిది మందిమి అరుస్తూనే ఉన్నామండి. మాలో ఒక్కరికీ ఆ ఇంజన్ వినబడలేదు" అన్నాడు మెల్లగా. "దేవుడు మల్‌సూన్ అక్కకు గరిటె ఇచ్చాడు. ఈయనకు చెవి ఇచ్చాడు. ఆ చెవిని పట్టుకుని నోరుగా వాడదామని చూసింది మనం. తప్పు నాది." జేబులోంచి వంతుల కాగితం నకలు తీసి బొంగ్‌సిక్ పేరు కొట్టేశాడు.

బొంగ్‌సిక్‌కు పదకొండేళ్ళ తరవాత ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది.

"మరి ఎల్లుండి ప్రార్థన ఎవరు చేస్తారు?" అని పాస్టరు కలం పట్టుకుని అందరి వైపూ చూశాడు.

ప్యో జేబుల్లోంచి చేతులు తీయలేదు. మల్‌సూన్ ఖాళీ కుండ మూత సర్దింది. గిల్‌హో చుక్కాని వైపు తిరిగాడు. ఇందాక సముద్రం అదిరేట్టు అరిచిన వాళ్ళలో ఒక్కరూ చెయ్యెత్తలేదు.

ఇంజన్ చప్పుడు ఇప్పుడు అందరికీ శుభ్రంగా వినబడుతోంది.