ఎందుకని అడిగే గౌను

ఏలూరులో ఒక పిల్ల తొడుక్కుని విడిచిన బట్ట ఇంకో పిల్లకు వేస్తే, బట్టతో పాటు మొదటి పిల్ల బుద్ధి కూడా వచ్చేస్తుంది. ఇది ఎప్పుడు మొదలైందో ఎవరూ రాసిపెట్టుకోలేదు. పురిటిబిడ్డకు ముందు కొత్తబట్ట కాకుండా, ఆయుష్షు గట్టిగా ఉన్న పిల్లల పాతబట్ట తొడగాలని పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ బట్టలో ఆయుష్షు ఒక్కటే కాదు, అలకా, మొండితనమూ, మట్టి తినే అలవాటూ కూడా ఉంటాయని తర్వాత తేలింది. తేలాక ఊరు దానికి తగ్గట్టు సర్దుకుంది. ఐదేళ్లు దాటిన పిల్లల మీద మాత్రం ఇది పనిచేయదు. అప్పటికి పట్టాల్సిన బుద్ధి ఒంటికి పట్టేసి ఉంటుంది.

కాలువ గట్టున పిల్లల బట్టల వీధిలో ధర గుడ్డను బట్టి ఉండదు. బుద్ధిమంతుల బట్టలకు కాలరు దగ్గర ఆకుపచ్చ దారం కుడతారు. అవి వెలిసిపోయినా, మోచేతుల దగ్గర చిరిగినా పట్టుచీర ధర పలుకుతాయి. పసుపుదారం బట్టల పిల్లలు అన్నం తింటారు గానీ టీవీ పెట్టాలి. ఎర్రదారం బట్టలు గోనెసంచుల్లో గుమ్మరించి ఉంటాయి. వాటిలో కొరికేవాళ్లవీ, చుట్టాలొస్తే చెప్పులు దాచేవాళ్లవీ, అంగట్లో నేలమీద పొర్లేవాళ్లవీ కలిసి ఉంటాయి. వీధి మొదట్లో కొత్తబట్టల దుకాణం కూడా ఒకటి ఉండేది. కొత్తబట్టలో ఎవరి బుద్ధీ ఉండదు కనుక పిల్ల తన బుద్ధితోనే ఉండిపోతుంది. అంత సాహసం చేసే తల్లిదండ్రులు దొరక్క అందులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

హైమవతి ఆ వీధికి వెళ్లింది కూతురు లాస్య రెండో పుట్టినరోజుకు గౌను కొనడానికి. భర్త త్రిమూర్తులు ఒక ఆఫీసులో గుమాస్తా. జీతం ఫరవాలేదు గానీ ఆకుపచ్చ దారం కొనేంత కాదు. లాస్య అప్పటిదాకా ముగ్గురు మేనత్తల పిల్లల బట్టల్లోనే పెరిగింది. పొద్దున నీలం చొక్కాలో నోట్లో వేలేసుకునేది, మధ్యాహ్నం పువ్వుల జుబ్బాలో కుర్చీలు తోసేది, సాయంత్రం ఇంకో గౌనులో ఊరికే ఏడ్చేది. అసలు పిల్లది ఏ స్వభావమని ఎవరైనా అడిగితే హైమవతి, "ఏ బట్టలో అండీ?" అనేది.

సంచుల వెనక కూర్చున్న మస్తానమ్మ ఆ వీధిలో ముసలి వ్యాపారి. ఆమె దగ్గర పైన తగిలించి ఉన్న ఒక గౌను హైమవతి కళ్లను లాగేసింది. మామిడిపండు రంగు, అంచుకు తెల్లటి లేసు, నడుం దగ్గర చిన్న ముడి. మరక లేదు, చిరుగు లేదు. ధర చూస్తే సంచుల్లో ఉన్నవాటికంటే తక్కువ.

"ఏంటి మస్తానమ్మా, కొరుకుద్దా?"

"అబ్బే, కొరకదమ్మా. ముద్దుగా ఉంటది. ఏడవదు, పొర్లదు."

"మరింకేంటి?"

మస్తానమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఎందుకని అడుగుద్దమ్మా."

"ఏంటి ఎందుకని?"

"ఏదైనా. నాలుగుసార్లు కొనుక్కెళ్లారు, నాలుగుసార్లూ ఎనక్కి తెచ్చారు. ఉతికితే పోద్దేమోనని సోడా ఏసి ఉడకబెట్టించాను. లేసు తెల్లబడింది గానీ ఆ గుణం పోలా."

హైమవతి ఆలోచించింది. పుట్టినరోజంటే ఒక పూట. ఫోటో తీసుకుని విప్పేస్తే సరి. గౌను కొనేసింది.

పుట్టినరోజుకు త్రిమూర్తులు తన సూపరింటెండెంటును పిలిచాడు. పదోన్నతి ఫైలు ఆయన బల్లమీద ఉంది. గౌను తొడగ్గానే లాస్య ఎంత ముద్దుగా ఉందంటే, వచ్చినవాళ్లంతా ముందు కాలరు దగ్గర దారం చూసి, ఎరుపని తెలిశాక ఒక అడుగు దూరం జరిగి మరీ మెచ్చుకున్నారు. కేకు కోశారు. సూపరింటెండెంటు సోఫాలో కూర్చుని, ప్రతి విందులో చెప్పే జోకు మళ్లీ చెప్పాడు. ఒకాయన రైలెక్కి బస్సు టిక్కెట్టు చూపించిన జోకు అది. త్రిమూర్తులు పొట్ట పట్టుకుని నవ్వాడు.

లాస్య నాన్న మోకాలి మీద చెయ్యి వేసి, "నాన్నా, ఎందుకు నవ్వావు?" అని అడిగింది.

త్రిమూర్తులు, "సార్ జోకేశారు కదమ్మా" అన్నాడు.

"సారేస్తే ఎందుకు నవ్వాలి?"

సూపరింటెండెంటు కేకు ముక్క ప్లేటులో పెట్టేశాడు. ఆయన్ని కూడా ఆ ప్రశ్న పట్టుకున్నట్టుంది. "అవునయ్యా త్రిమూర్తులూ, ఎందుకు నవ్వావు? నిజం చెప్పు, అది అంత బావుందా?"

"బావుందండి."

"ఎందుకు?" అంది లాస్య.

సూపరింటెండెంటు చేతులు కడుక్కుని, పిల్లకు దీవెనలిచ్చి, జోకు చివరి వాక్యాన్ని తనలో తాను చెప్పుకుంటూ మెట్లు దిగాడు. ఆయన జోకు చెప్పగా అప్పటినుంచి ఆఫీసులో ఎవరూ వినలేదు. త్రిమూర్తులు ఫైలు మాత్రం ఆ బల్ల మీంచి అలమారలోకి వెళ్లింది.

"రేపే తిరిగిచ్చెయ్" అన్నాడు త్రిమూర్తులు.

"ఇస్తాలెండి" అంది హైమవతి. ఇవ్వలేదు. త్రిమూర్తులు ఆఫీసుకు వెళ్లగానే తీసి తొడిగేది, వచ్చే వేళకు విప్పేది. ఎందుకలా చేసేదో ఆమెకే తెలియదు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆమే అడిగేది, సరిపోయిందని వాళ్లు చెప్పేవాళ్లు.

"అమ్మా, కాకి నల్లగా ఎందుకుంది?" అనేది లాస్య. హైమవతి తోచింది చెప్పేది. తోచకపోతే ఇద్దరూ కిటికీలోంచి కాకిని చూసేవాళ్లు. ఒకరోజు హైమవతి పొయ్యి పక్కన గిన్నెలోనే అన్నం కలుపుకుని తింటుంటే పిల్ల కొంగు పట్టుకుని లాగింది.

"అమ్మా, నువ్వు ఎందుకు నిలబడి తింటావు?"

"పనుంటది కదమ్మా."

"ఎందుకు?"

హైమవతి ముద్ద చేతిలో పట్టుకుని చుట్టూ చూసింది. అంట్లు తోమేసింది. గుడ్డలు ఆరేసింది. పనేమీ లేదు. కంచం తెచ్చుకుని, హాల్లో ఫ్యాను కింద కూర్చుని తింది. ఆ కంచం ముందు లాస్య కూడా కూర్చుని రెండు ముద్దలు తింది. అన్నానికి ఇంత రుచి ఉంటుందని హైమవతికి కొన్నేళ్లుగా గుర్తులేదు.

మర్నాడే ఆమె మస్తానమ్మ దగ్గరికి పరుగెత్తింది. "ఆ పిల్లవే ఇంకో రెండు గౌన్లుంటే ఇవ్వు. కాస్త పెద్ద సైజైతే ఇంకా మంచిది."

మస్తానమ్మ ఆమెకేసి జాలిగా చూసింది. "అవి ఇంక రావమ్మా. ఆ పిల్ల తల్లి మొన్న తాలిబొట్టు గొలుసు తాకట్టెట్టి మరీ ఆకుపచ్చ దారం బట్టలు పట్టుకెళ్లింది. పిల్ల ఇప్పుడు బంగారం. కూకోమంటే కూకుంటది, లేవమంటే లేస్తది. వాళ్లమ్మ సంతోషం చూడాలి నువ్వు."

"పిల్లో?"

"పిల్లకేంటమ్మా, ఏం అడగదుగా."

ఈలోగా త్రిమూర్తులు ఊళ్లో పేరున్న ప్లే స్కూలులో సీటు సంపాదించాడు. ఆ స్కూలువాళ్లు ఏ పిల్లనైనా చేర్చుకుంటారు, ఏ పరీక్షా పెట్టరు. ఒకటే నిబంధన. యూనిఫాం వాళ్లే ఇస్తారు. అది కొత్తది కాదు. ముప్పై ఏళ్ల కిందట ఆ స్కూల్లో చదివిన ఒకే ఒక్క పిల్లవాడి బుద్ధిని, బట్ట నుంచి పిల్లకీ, పిల్ల నుంచి బట్టకీ దించుకుంటూ కాపాడుకొస్తున్నారు. పెరుగుకు తోడు వేసినట్టే. నిబంధనలో ఇంకో వాక్యం కూడా ఉంది. ఇంటి దగ్గర ఎర్రదారం బట్టలు ఉంచకూడదు.

"ఆ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడండీ?" అని అడిగింది హైమవతి, ఫీజు కట్టేటప్పుడు.

హెడ్‌మిస్ట్రెస్ గర్వంగా నవ్వి పక్కగదివైపు చూపించింది. "మా దగ్గరే అకౌంట్స్ చూస్తున్నారు. నరహరిగారూ!"

ముప్పై ఐదేళ్ల మనిషి లేచి నిలబడ్డాడు. శుభ్రంగా దువ్విన తల, చేతులు కట్టుకుని ఉన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ ఫోను మోగింది, ఆమె వరండాలోకి వెళ్లిపోయింది. ఆయన అలాగే నిలబడ్డాడు. హైమవతి రసీదు మడిచి సంచిలో పెట్టుకుంది, లాస్య ముక్కు తుడిచింది, మళ్లీ చూసింది. నిలబడే ఉన్నాడు.

"కూర్చోండి" అంది హైమవతి.

ఆయన కూర్చున్నాడు.

"చూశావా ఎంత వినయమో! మన పిల్లకి అందులో సగం వచ్చినా చాలు" అన్నాడు త్రిమూర్తులు దారిలో. ఆ సాయంత్రం హైమవతి గౌను మస్తానమ్మకు ఇచ్చేసింది. ఇంక ఎవరూ కొనరని తెలిసి, మస్తానమ్మ దాన్ని లారీల అద్దాలు తుడిచే గుడ్డల్లో కలిపేసింది. హైమవతి కళ్లు తుడుచుకోవడం చూసి, "నీకేంటమ్మా, పిల్ల బాగుపడుద్ది" అని ఓదార్చింది.

పిల్ల బాగుపడింది. చెప్పులు జతగా విడిచేది. పెట్టింది తినేది. చుట్టాలకు నమస్కారం చేసి, దించమనేదాకా చేతులు దించేది కాదు. ఇంటికి కూడా స్కూలువాళ్లే ఒక జత ఇచ్చారు, రాత్రి పడుకునేటప్పుడు వేయడానికి. అలమారలోంచి త్రిమూర్తులు ఫైలు మళ్లీ బల్లమీదికి వచ్చింది. పక్కింటివాళ్లు లాస్య విడిచిన బట్టలు తమకే ఇవ్వాలని ముందే చెప్పి ఉంచారు. హైమవతి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడి తినడం మొదలుపెట్టింది. ఆమెను ఎవరూ అడగలేదు కనుక ఆమె కూడా గమనించలేదు.

ఒక ఉదయం పిల్లకు స్నానం చేయించి, తువ్వాలుతో ఒళ్లు తుడిచి, మంచం మీదున్న యూనిఫాం అందుకోబోయింది.

"అమ్మా, ఎందుకు?"

హైమవతి చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. పిల్ల ఒంటిమీద ఎవరి బట్టా లేదు. మొలతాడు తప్ప నూలుపోగు లేదు. తడిజుట్టు నుదుటికి అంటుకుని, రెండు కాళ్లూ ఎడంగా పెట్టి నిలబడి ఉంది. అంటే ఈ మాట గౌనుది కాదు. మేనత్త పిల్లలది కాదు. ఎవరిదీ కాదు, దానిదే.

"ఏంటమ్మా ఎందుకు?" అంది హైమవతి.

లాస్య యూనిఫాం వైపు వేలు చూపించింది. "అది ఎందుకు వెయ్యాలి?"

హైమవతి మోకాళ్ల మీద కూర్చుంది. పిల్ల మొహం ఇంత దగ్గరగా, ఏ బుద్ధీ కప్పకుండా ఎప్పుడూ చూడలేదు. కళ్లు అచ్చం తన కళ్లే. ఏదో ఒకటి చెప్పాలని, చెప్పలేకపోతే కనీసం ఇద్దరూ కలిసి కాసేపు ఆలోచించాలని అనిపించింది. ఆమె నోరు తెరిచింది.

వీధిలో వ్యాను హారన్ మోగింది. ఇంకోసారి మోగింది. "హైమా, ఐందా? వాడు ఆగడు!" అని హాల్లోంచి త్రిమూర్తులు కేకేశాడు.

"వ్యానొచ్చేసిందమ్మా" అంటూ హైమవతి చొక్కా పిల్ల తలమీంచి దించింది. గుడ్డలోపల నుంచి "ఎందు" అని వినిపించింది. తల బయటికొచ్చింది. మెడ దగ్గర బొత్తాం పెట్టేసరికి లాస్య చేతులు కట్టుకుంది.

"రెడీయేనా?" అన్నాడు త్రిమూర్తులు గుమ్మంలోకొచ్చి.

"రెడీ అండీ" అంది హైమవతి.