గోడకన్నా తెల్లని చొక్కా

లేని మనిషి చొక్కా గోడకన్నా తెల్లగా ఎలా కనిపిస్తుంది, నీలాద్రికి అదొక్కటే అంతుపట్టడం లేదు. భీమేశ్వరం గారు లేరన్న సంగతి ఆఫీసులో అందరికీ తెలిసిందే, అందులో బుర్ర బద్దలు కొట్టుకోవలసింది ఏమీ లేదు. అక్కడున్నది గోడ, గోడకున్నది సున్నం. విడిగా చొక్కా అంటూ ఏదీ లేదు. అయినా ఆ భుజాల గీతకు లోపలి తెలుపూ బయటి తెలుపూ ఒకటి కావు. ఎందుకు కావు? తన కన్ను తనకు తెలియకుండా ఎవరి తరఫున పనిచేస్తోంది?

కాకినాడలోని ఆ కార్యాలయానికి బదిలీ మీద వచ్చిన రోజే సూపరింటెండెంట్ సుభద్రమ్మ గారు అతనికి పద్ధతి వివరించారు. ఖాళీ అయిన పోస్టుల్లో కొత్తవాళ్లను వేయడం పైవాళ్లకు కుదరడం లేదు. అందుకని చుట్టూ ఉన్న వస్తువులనే మనిషి మేరకు తగ్గిస్తున్నారు. భీమేశ్వరం గారు రిటైరైన సాయంత్రం ఆయన వెనక గోడకున్న క్యాలెండరును భుజం వంపున కోశారు. పక్కనున్న బీరువా అంచుకు మోచెయ్యి పట్టేంత మేర గోడ రంగు వేశారు. ఏ వస్తువైనా సగమే కనిపిస్తే, మిగతా సగానికి ముందు ఎవరో అడ్డంగా కూర్చున్నారని కన్ను తనంతట తానే ఒప్పుకుంటుంది. కంటికి జీతం ఇవ్వక్కర్లేదు.

"కానీ ఆయన లేరు కదండీ?" అన్నాడు నీలాద్రి.

"లేరని ఎవరన్నారు? కనపడుతున్నారు కదా! ఉన్నారో లేరో తేల్చడం మన సెక్షన్ పని కాదండి," అన్నారామె. "మీరు ఆయనకి ఎదురుగా మాత్రం అగరొత్తులు గట్రా వెలిగించకండి. కిందటిసారి పొగ తిన్నగా ఆయనలోంచే వెళ్లిపోయింది."

కొత్త క్యాలెండరు వచ్చినప్పుడల్లా కత్తెర పట్టుకునేది అటెండరు పోతురాజు. "భుజం దగ్గర కాస్త గుండ్రంగా తిప్పాలండి బాబూ," అనేవాడు నాలుక కొన పళ్ల మధ్య పెట్టుకుని. "ఓసారి తొందర్లో మూలలొచ్చేలా కోసేశాను. మనిషి ఇస్త్రీ చేసినట్టొచ్చాడని మేడంగారు ఎన్ని కేకలేశారో!"

ఆయన్ని నడిపించడం కూడా పెద్ద పనేమీ కాదు. భీమేశ్వరం గారి బల్లమీద టీ గ్లాసు ఉంటుంది. అందరూ తల వంచుకుని రాస్తుండగా పోతురాజు దాన్ని తీసేసి, కిటికీ గట్టుమీద అలాంటిదే ఇంకోటి పెడతాడు. తలెత్తినవాళ్లకు ఆయన లేచి కిటికీ దాకా నడవడం స్పష్టంగా కనిపిస్తుంది. ఎడంకాలు కాస్త ఈడుస్తారని కూడా కొందరు కనిపెట్టారు. మోకాళ్ల నొప్పులట, పాపం. పింఛను ఆగిపోయిన ఓ ముసలమ్మ ఒక మధ్యాహ్నమంతా ఆయన ముందు నిలబడి గోడు వెళ్లబోసుకుంది. వెళ్తూ వెళ్తూ దండం పెట్టింది. "ఇంత పెద్దాఫీసులో ఇసుక్కోకుండా ఇన్నది ఈ బాబొక్కడేనమ్మా!"

సమస్య నీలాద్రితో వచ్చింది. అతను ఒకరోజు కాగితాన్ని సన్నటి గొట్టంలా చుట్టి, ఒక కన్ను మూసుకుని, ఆ చొక్కా అంచు మీదికి గురిపెట్టాడు. గొట్టంలో సున్నం తప్ప మరేమీ లేదు. గీతా లేదు, తెలుపులో తేడా లేదు. గొట్టం దించగానే చొక్కా మళ్లీ మెరిసింది. అబద్ధమని తెలిశాక కూడా మెరవడం అతన్ని భయపెట్టింది. తెలుసుకోవడానికీ చూడడానికీ మధ్య లోపల ఎక్కడో ఒక తలుపు ఉందనీ, దాన్ని అవతలి వైపునుంచి ఎవరో గడియపెట్టారనీ అనిపించింది.

ఆ తర్వాత గొట్టాన్ని సుభద్రమ్మ గారి మీదికి తిప్పాడు. నీలం చీర ముక్క ఒకటి కనిపించింది. కాస్త జరిపితే కుర్చీ చెయ్యి. ఏ ముక్కలోనూ సుభద్రమ్మ గారు లేరు. ముక్కల మధ్య ఉన్నదాన్ని సుభద్రమ్మ గారని అనుకోవడం తన అలవాటేనేమో. అలాగైతే తనను చూసి ఆమె అనుకుంటున్నది ఏమిటి?

అప్పుడే అతను మొట్టమొదటిసారి తన కుర్చీ వెనక గోడకేసి తిరిగి చూశాడు. అక్కడ జిల్లా పటం వేలాడుతోంది. దాని కింది భాగంలో, సముద్రం ఉండవలసిన చోట, ఒక తలా రెండు భుజాలూ పట్టేంత మేర కత్తిరించి ఉంది.

"ఇదెప్పుడు కోశావ్ పోతురాజూ?"

"మీరు రాకముందేనండి. పోస్టు ఖాళీగా ఉండేది కదండీ."

"మరి నేనొచ్చాను కదా!"

"వచ్చారనే అనుకుంటన్నామండి," అన్నాడు పోతురాజు మర్యాదగా. "బాగానే అతికారు కూడా. ఎడం భుజమొక్కటే కాస్త దిగుతందండి."

మర్నాడు తనిఖీ. కనిపించిన పోస్టు ఉంటుంది, కనిపించనిది రద్దవుతుంది; తనిఖీలో లెక్క కంటితోనే. నీలాద్రి రాత్రి చాలాసేపు ఆలోచించాడు. రేపు తాను పటం ముందు కూర్చుంటే లెక్కలోకి వచ్చేది తానో, కత్తిరింపో ఎప్పటికీ తేలదు. అందుకని పొద్దున్నే స్టోర్ నుంచి ఒక పాత కుర్చీ తెచ్చుకుని, కోసినదేమీ వెనక లేని చోట, కిటికీ పక్కన కూర్చున్నాడు. గోధుమ రంగు చొక్కా వేసుకున్నాడు. పొరపాటున కూడా గోడతో కలవకూడదని.

"నీలాద్రి గారూ, ఆ చేతిలో ఫైలు ఇలా ఇవ్వండి," అన్నారు సుభద్రమ్మ గారు, పటం వైపు తిరిగి.

"ఇక్కడున్నానండీ!"

"కాస్త గట్టిగా చెప్పండి, గొంతు కిటికీలోంచి వస్తున్నట్టుంది," అన్నారామె పటంతో. పోతురాజు టీ తెచ్చి పటం ముందున్న బల్లమీదే పెట్టాడు. "వేడిగా ఉందండి, చూసుకోండి," అన్నాడు ఖాళీ కుర్చీతో.

జీపు తలుపు వేసిన చప్పుడైంది. అందరూ లేచి, ఒక మనిషి పట్టేంత దారి వదిలి, అటూ ఇటూ నిలబడ్డారు. ఆ దారిలో అధికారి గారు వచ్చారు. నీలాద్రి చెయ్యి జేబులోని గొట్టాన్ని తడిమింది గానీ బయటికి తీయలేదు.

అధికారి గారు సీట్ల వెంట చూపు నడిపి, ఎవరూ తక్కువ కాలేదన్నారు. పటం ముందు కాసేపు ఆగారు. "భలే శుభ్రంగా ఉన్నావయ్యా! కాకినాడ దుమ్ములో చొక్కా ఇంత తెల్లగా ఎలా ఉంచుతున్నావ్?" ఎవరో వినయంగా నవ్వారు. తాను నవ్వలేదని నీలాద్రికి గట్టిగా తెలుసు.

"సార్, నేనిక్కడ—" అని లేచాడు.

అధికారి గారు ఆ దిక్కుకు చూసి కనుబొమలు ముడిచారు. "కిటికీ దగ్గర అడ్డంగా ఆ పాత కుర్చీ ఎందుకమ్మా? గాలి రావడం లేదు. తీయించెయ్యండి."

"అలాగే సార్. పోతురాజూ!"

పోతురాజు వచ్చి కుర్చీ వీపు పట్టుకున్నాడు. అతని కళ్లు నీలాద్రి మీదుగా, ఎక్కడా ఆగకుండా, కిటికీ బయటికి వెళ్లాయి. కోపం గానీ జాలి గానీ వాటిలో లేవు. కుర్చీ ఒక కాలు నేలమీంచి లేచింది.

నీలాద్రి పక్కకు తప్పుకున్నాడు. చప్పుడు కాకుండా బల్లల మధ్యగా నడిచి, పటం ముందున్న తన సీటులో కూర్చున్నాడు. టీ ఇంకా వేడిగానే ఉంది. వెనక్కి తిరిగి చూడకుండా, ఎడం భుజాన్ని కొద్దిగా పైకెత్తాడు.