ఇంచు అల్లుడు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. కొంత దూరం పోయాక నవ్వితే పాపం తగులుతుంది. ఆ పాపంలో నాకు వాటా వద్దు, ఇప్పటికే నా వాటా నిండుగా ఉంది.

మా ఇంటి ముందు ఒక పాత జీపు ఉండేదని మీకు తెలుసు కదా. జనగామ కరెంటాఫీసులో బిల్లులు రాసుకునేవాడికి అడవుల్లో తిరిగే జీపు ఎందుకని మీరంతా తలా ఒకసారి అడిగి ఊరుకున్నారు. మా ఆవిడ సంగీత రోజూ అడుగుతుంది. నేను దానికి భీముడని పేరు పెట్టుకున్నాను. ఆమె దాన్ని బర్రె అంటుంది.

“బర్రె అయితే పాలన్న ఇచ్చు. గిదేమిస్తది? వాకిట్ల నూనె కార్సుడు తప్ప.”

దసరా లోపల అమ్మేయాలని ఆమె తీర్పు. ఆ తీర్పు తప్పించుకోవాలంటే జీపు ఎంత పనికొస్తుందో ఆమె కళ్లారా చూడాలి. అందుకని ముందు బంపరుకు ఒక వించి బిగించాను. వించి అంటే పెద్ద వింతేమీ కాదు, బావిలో నీళ్లు చేదే గిలక లాంటిదే, కాకపోతే బ్యాటరీతో తిరుగుతుంది. దాని ఇనుప తాడును ఎదురుగా ఉన్న చెట్టుకో రాయికో కట్టి బటన్ నొక్కితే, బురదలో దిగబడ్డ బండి తనను తానే బయటికి గుంజుకుంటుంది.

ఆ సంబరం మా అత్త పెంటమ్మకు ఫోన్లో చెప్పాను. మా వైపు ‘వి’ నోట్లోకి రాగానే ‘ఇ’ అయిపోతుంది. విత్తనం ఇత్తనమైనట్టే నా వించి కూడా అయింది.

“ఇంచా? ఎన్ని ఇంచులు పెట్టిచ్చినవు బిడ్డా?”

“ఇంచులు కాదత్తా, వించి.”

“గదే, ఎన్ని?”

ఆ రోజు నుంచి గూడూరు అవతల, అడవి అంచున ఉన్న మా అత్తగారి ఊళ్లో నా పేరు ఇంచు అల్లుడు. సాయికుమార్ అనే అసలు పేరు నా ఆధార్ కార్డుకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఇక అసలు సంగతి. మా మామ పోశాలుకు షుగరు. కుడికాలి బొటనవేలికి పుండు లేస్తే, పసుపు అద్ది, గుడ్డ చుట్టి, ఇంట్లో వాళ్లకు కనబడకుండా చెప్పులో దాచుకుని తిరిగాడు. వాసన వచ్చాక గాని దొరకలేదు. అప్పటికి పాదం నల్లబడింది. మానుకోట దవాఖానలో డాక్టరు చూసి, ఇప్పుడే చేరమన్నాడు. మామ “బట్టలు తెచ్చుకుంట సారూ” అని చెప్పి ఊరికి పోయి, మంచమెక్కి, ఇక దిగనన్నాడు.

ఇంతలో వానలు ముంచెత్తి వాగు మీది కల్వర్టు కొట్టుకుపోయింది. ఆటో పోదు, అంబులెన్సు పోదు. ట్రాక్టరు ట్రాలీలో వేస్తే ఆ కుదుపులకు మనిషి ప్రాణం దారిలోనే పోయేట్టుంది. అప్పుడు సంగీత, పెళ్లయ్యాక మొట్టమొదటిసారి, నా జీపు వైపు మర్యాదగా చూసింది.

“నీ బర్రె వాగు దాటుతదా?”

“దాటుతది.”

“మా బాపు కాలు కుళ్లుతున్నదయ్యా. పరాచికం గాదు. దాటుతదా?”

“దాటుతదంటే దాటుతది.”

అక్కడితో ఊరుకుని ఉంటే మనిషిననిపించుకునేవాణ్ణి. కానీ నా బుర్రలో పురుగు తొలిచింది. వాగు సాఫీగా దాటితే ఆమె జీపును మెచ్చుకుంటుంది, బాగానే ఉంది, మరి వించిని ఎవరు మెచ్చుకుంటారు? పోయేటప్పుడు బండి ఖాళీయే కదా. కాస్త దిగబడదాం, ఆమె కంగారు పడుతుంది, నేను వీరుడిలా తాడు కట్టి బయటికి తీస్తాను. ఆ తర్వాత మామను ఎక్కించుకుని పోదాం. ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

వాగులో నీళ్లు తగ్గి మోకాళ్ల దాకా ఉన్నాయి. ట్రాక్టర్లు దాటిన గాడి అవతలి ఒడ్డు దాకా స్పష్టంగా కనిపిస్తోంది. నేను స్టీరింగు ఎడమకు తిప్పాను.

“గాడి గటుంటే గిటు పోతున్నవేంది?”

“గిటు దగ్గర.”

“దేనికి దగ్గర?”

జవాబు చెప్పే శ్రమ వాగే తీసుకుంది. కాస్త దిగబడదామన్న ఒప్పందం నాకు తెలుసు గాని వాగుకు తెలియదు. ముందు చక్రాలు ఒండ్రులో మునిగాయి, వెనక భాగం జారి సరిగ్గా గాడికి అడ్డంగా తిరిగింది. ఊరికి ఉన్న ఒక్క దారినీ నా భీముడు మూసేశాడు.

సంగీత అరవలేదు. అరిస్తే బాగుండేది.

“కావాలెనని దింపినవు.”

“అయ్యో, నేనెందుకు...”

“నువ్వు అబద్ధమాడితే నీ చెవులు ఎర్రవడ్తయి. అద్దంల చూస్కో.”

అద్దంలో చూసుకోలేదు. ఆమె చెప్పులు చేతబట్టుకుని నీళ్లలోకి దిగింది.

“నేను నడిచి పోత. నువ్వు నీ బర్రెను పిండుకుంట కూసో.”

ఆమె గట్టెక్కి చెలక దాటేలోపల బండి బయటపడిందా, నా పరువు నిలిచినట్టే. తాడు లాక్కుంటూ అవతలి ఒడ్డెక్కాను. చెట్లన్నీ వరదకు పోయాయి. మా మామ చేను అంచున, ఒండ్రులో సగం కూరుకుపోయిన సిమెంటు దిమ్మె ఒకటి మాత్రం ఉంది. పాత మోటారు దిమ్మె. కరెంటాఫీసు వాణ్ణి, ఎన్ని మోటారు దిమ్మెలు చూసి ఉంటాను! తాడు చుట్టాను, కొక్కెం తగిలించాను, వచ్చి బటన్ నొక్కాను.

తాడు బిగిసింది. వించి మూలిగింది. కదులుతోంది, నిజంగానే కదులుతోంది! ఒక కేక పెట్టి చూస్తే కదిలేది బండి కాదు.

దిమ్మె మీది ఒండ్రు జారిపోయింది. దాని కింద పింగాణీ బిళ్ల మీద ఒక ఫొటో. తలపాగా, గుబురు మీసాలు. ఆ పెద్దమనిషి కోపంగా నన్నే చూస్తున్నాడు, చూస్తూనే నా మీదికి వస్తున్నాడు. ఆపే బటన్ ఏదో మర్చిపోయాను. అన్నీ నొక్కాను. ఆయన ఒడ్డు దాకా వచ్చి, తల వాగులోకి వంచి, అక్కడ ఆగాడు. ఫొటో కింద అక్షరాలు చదివాను. కీర్తిశేషులు కొమురయ్య. మా మామకు కన్నతండ్రి, మా పెళ్లికి ముందే పోయినవాడు. ఆయన సమాధి చేను కొసకు ఉందని విన్నాను గాని, అత్తగారింటికి పోతే నేను వంటింటి కొస దాటి ఎప్పుడు పోయాను?

నా కేకకు ఊరు కదిలి వచ్చింది. అందరికంటే ముందు వెంకట్రాం వచ్చాడు. మామకు తమ్ముడి వరస. పురుడు నుంచి పాడె దాకా దేనికైనా పద్ధతి చెప్తాడు కాబట్టి ఊరంతా ఆయన్ని పద్ధతుల వెంకట్రాం అంటుంది. ఆయన దిమ్మె లేచిన చోట పడ్డ గుంతలోకి తొంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

“తెరిసిన గుంత ఒట్టిగ ఉండదు. అది ఇంకో మనిషిని అడుగుతది.”

 అందరి కళ్లూ మామ ఇంటి వైపు తిరిగాయి. నాకు నిజంగా భయం వేసింది.

ఇంటికి పోతే వాకిట్లోనే ఆ వాసన తగిలింది. అత్త గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. సంగీత ముఖం చూస్తే, ఎంత బతిమాలినా ఆయన ఒప్పుకోలేదని తెలిసిపోయింది. బండి వాగులో కూలబడిందని విని మామ మాత్రం మంచం మీద హాయిగా నవ్వుతున్నాడు.

“బండి రావద్దు, కాలు కొయ్యొద్దని దేవునికి మొక్కిన. అల్లుని రూపంల ఇన్నడు. రెండు కాళ్లతోని పుట్టిన, రెండు కాళ్లతోనే పోత. మా బాపు పక్కపొంటి జరంత జాగ, గంతే.”

సంగీత అప్పటికే వెంకట్రాం నోట కథంతా వింది. మంచం పట్టె మీద కూర్చుంది.

“జాగ లేదు బాపు.”

“ఎందుకు లేదే?”

“నీ అల్లుడు తాతను గుంజిండు. దిమ్మె వాగొడ్డున పడ్డది. గుంత నోరు తెరుసుకున్నది. ఇంకో వానస్తే తాత బొక్కలు వాగుల వోతయి.”

మామ నవ్వు ఆగిపోయింది. “మా బాపునా?” అన్నాడు. ఆ గొంతు ముసలివాడిది కాదు, తండ్రి కోసం వెతుక్కునే పిల్లవాడిది.

“కొడుకువు నువ్వే గద. నీ చేతులతోని కట్టినవు. ఇప్పుడు నువ్వు సస్తే దాన్ని ఎవలు లేపాలె? గీయననా? గీయన చేతికిస్తే ఉన్నది గూడ వోతది.”

అందరూ నన్ను చూసి తలలూపారు. వెంకట్రాం రెండుసార్లు ఊపాడు. నా చేతగానితనం ఒకరి ప్రాణానికి అక్కరకొచ్చిన రోజు అదొక్కటే.

 మామ కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

“కోసినంక దవాఖానోళ్లు పారేస్తరంట. పారేయనియ్యొద్దు. నా కాలు మా బాపు కాడ పెట్టాలె. నేను వచ్చేదాక కావలుంటది.”

“పెడ్త బాపు.”

“గుంత అడిగింది గూడ ఇచ్చినట్టయితది,” అన్నాడు వెంకట్రాం. ఆయన నోరు ఎవరూ ముయ్యలేదు. ఆ మాటకు అందరికీ కాస్త ధైర్యం వచ్చిందని చెప్పాలి.

ట్రాలీ కూడా రాకుండా దారి మూసింది నేనే కాబట్టి, మంచంతో సహా మామను మోయాల్సి వచ్చింది. ముందు కుడి కోడు నా భుజం మీద పెట్టింది సంగీతే. పక్కన తండా మనిషి ధర్మా. వెనక మరో ఇద్దరు. నలుగురి భుజాల మీద మంచం, వెనక ఏడుస్తూ అత్త. దూరం నుంచి చూసేవాళ్లకు అదేమిటో చెప్పక్కర్లేదు. దారిలో ఒక ముసలమ్మ చేతులు జోడించి దండం పెట్టింది కూడా.

“ఇంకా పోలేదవ్వా!” అని మామ మంచం మీంచి కేకేశాడు. ఆమె చేటతో సహా కూలబడింది. “అల్లుడా, జర మెల్లగ. పీనుగనుకొని ఉరుకుతున్నవు.”

నేను నవ్వబోయాను. భుజం మీద ఆయన వణుకు తెలుస్తోంది. జ్వరమో భయమో తెలియదు. నవ్వు రాలేదు. వాగులో నా జీపు పక్కనుంచే దాటాము. అవతల సంగీత ముందే ఫోన్ చేసి పిలిపించిన అంబులెన్సు ఉంది.

మానుకోటలో మోకాలి కింది దాకా తీసేశారు. డాక్టరు బయటికొచ్చి, పుండు లేచినప్పుడే తెచ్చుంటే ఒక్క వేలితో పోయేదన్నాడు. సంగీత నా వైపు చూడకుండా అడిగింది.

“ఇయ్యాల పొద్దున తెస్తే సారూ?”

“పొద్దునైనా ఇంతేనమ్మా.”

నా ఛాతీ మీంచి బండరాయి దిగినట్టయింది. ఒక మనిషి కాలు పోయిన చోట నిలబడి నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అంత సిగ్గు నాకు ఎన్నడూ వేయలేదు. సంగీత ఆ ఊపిరి విన్నది.

అత్తను మామ దగ్గర ఉంచి, తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చిన కాలును ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఊరికి బయల్దేరాను. పక్కన సంగీత. చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోమంది. ఎత్తిపట్టుకుని వాగు దాటాను. అప్పటికి ధర్మా రెండు ట్రాక్టర్లు తెచ్చి జీపును గట్టెక్కించాడు.

గుంత దగ్గర పెద్ద చిక్కు వచ్చింది.

“తల దక్షిణం దిక్కుండాలె. పద్ధతి,” అన్నాడు వెంకట్రాం.

“తలేది కాకా?” అన్నాడు ధర్మా.

వెంకట్రాం మొదటిసారి తడబడ్డాడు. “మోకాలు దిక్కును తలనుకోవాలె.”

“ముందు నడిసేటియి వేళ్లు గద. వేళ్లే తల.”

“వేళ్లు తలెట్లయితయిరా?”

చర్చ ముదిరింది. నా చేతులు లాగేస్తున్నాయి. లోపలినుంచి ఒక దిక్కుమాలిన నవ్వు తన్నుకొస్తుంటే పెదవి కొరుక్కున్నాను. అప్పుడు సంగీత గుంతలోకి దిగి చేతులు చాచింది. కాలును ఆమెకు అందించాను.

“వేళ్లు ఇంటి దిక్కు పెడుతున్న,” అంది. “మా బాపు ఇంకా ఇంటికి రావాలె.”

వెంకట్రాం తలకు చుట్టిన తువ్వాల తీసేశాడు.  గుంతలో ఒక పక్కకు, చిన్న కుప్పగా మట్టి వేశాము.

తిరిగి వస్తుంటే ఆమె జీపు తాళం చెవి అడిగింది.

“అమ్మొద్దంటివి గద. అమ్మను.”

నాకు ఏడుపొచ్చినంత పనైంది. “నిజంగనా?”

“ఈడనే ఉంటది. బాపును పట్టీలకు మానుకోటకు తీస్కపోవాలె. ఇంక తాత సమాధి లేపాలె. నువ్వు సెలవు రోజు బస్సుల వచ్చి నడుపు.”

“ఇట్లయితే జీపు నాది కాదు గద సంగీతా?”

“నీదే. నువ్వే నడుపాలె.”

 అందుకే ఆదివారం మీరు పిలిస్తే నేను రావడం లేదు. జనగామ నుంచి బస్సులో నిలబడి పోయి, మామను జీపులో కూర్చోబెట్టి దవాఖానకు తిప్పి, మిగిలిన పూట ఇటుకలు మోస్తున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని కర్రతో చూపిస్తాడు. గాడ గాదు, గీడ. వంకరొచ్చింది, పీకు. మల్ల పెట్టు.

మొన్న సమాధి పని పూర్తయింది. కొమురయ్య తాత ఫొటో తుడిచి బిగించాము. మామ కర్ర ఆనించుకుని లేచి, తండ్రికి దండం పెట్టాడు. తర్వాత పక్కనున్న చిన్న మట్టికుప్ప వైపు తిరిగాడు. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నాడు.

“నువ్వు పండుకో,” అన్నాడు దానితో. “నాకు ఇంకా పనున్నది.”

తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, బరువంతా మోపి, బండి తియ్యమన్నాడు.