పాత మేనేజరు గొంతు

"నేను లేకపోతే ఈ గోడౌన్ రెండు రోజులు కూడా నడవదు" అని మేనేజరు బల్ల మీద తాళాల గుత్తి పడేసి బయటికొచ్చేశాడు స్టోర్‌కీపరు. కొత్త అరలు ఏ గోడకి వేయించాలన్న దగ్గర మొదలైన మాట రాజీనామా దగ్గర ఆగింది.

గోడౌన్ రెండు రోజులు నడిచింది. మూడో రోజూ నడిచింది. ఆ తర్వాత పరుగెత్తిందని కూడా ఎవరో చెప్పారు. నడవడం మానేసింది ఇల్లే.

చీటీలు అంటించే చేయి ఊరికే ఉండదు కదా. వంటింటి డబ్బాలన్నిటికీ అంటించాడు. ఉప్పు డబ్బా మీద 'ఉప్పు', ఖాళీ డబ్బా మీద 'ఖాళీ'. కొన్నాళ్ళకి 'ఖాళీ' చీటీలు ఎక్కువైపోయాయి. అప్పుడు భార్య కుట్టుమిషన్ ఆపి నోరు విప్పింది.

ఉద్యోగం వెతకడానికి ఆవిడ దగ్గర ఉపాయాలున్నాయి. తెలిసినవాళ్ళందరికీ పని కావాలని చెప్పడం ఒకటి. చెప్పాడు, గోడవైపు చూస్తూ. పక్కింటి ఎలక్ట్రీషియన్ పుణ్యమా అని ఓ మందుల గోడౌన్‌లో ఇంటర్వ్యూ దొరికింది. అడిగే ప్రశ్నలకి ఇంట్లోనే జవాబులు చెప్పి చూసుకోవడం ఇంకోటి. కొలతల టేపు మెడలో వేసుకుని ఆవిడ మిషన్ వెనకాల అధికారిలా కూర్చుంది.

"పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?"

"నా విలువ తెలియక."

"ఎవరికి? వాళ్ళకా, మీకా?"

"ఇలాంటి ప్రశ్నలు అక్కడ అడగరు."

"ఇంకా నెమ్మదిగా అడుగుతారు. మళ్ళీ చెప్పండి."

మూడో ఉపాయం, పాత మేనేజరు దగ్గరికెళ్ళి క్షమించమని, తన గురించి ఓ మంచి మాట చెప్పమని అడగడం. దీనికి మాత్రం ససేమిరా అన్నాడు. అంతకన్నా గొప్ప పథకం అతని బుర్రలో అప్పటికే తయారుగా ఉంది. దరఖాస్తులో పాత మేనేజరు నంబరు రాయాల్సిన చోట భార్య నంబరు రాసొచ్చాడు.

ఆవిడ గొంతులు మార్చడంలో దిట్ట. మేనేజరుకి మాట్లాడే ముందు రెండుసార్లు దగ్గడం అలవాటు, రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు. ఆవిడ అలా దగ్గి చూపిస్తే, కూర్చున్నవాడు అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు.

"ఫోనొస్తే నన్ను కాస్త పొగుడు, చాలు. అసలాయన నా గురించి ఏం చెబుతాడో నాకు తెలుసు."

"నాకు తెలీదు మరి," అంది ఆవిడ. "సరే."

పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ దేనికీ అంత తొందరగా సరే అనలేదు. అనుమానం అక్కడే రావాల్సింది.

ఇంటర్వ్యూలో మేడమ్ నాలుగు ప్రశ్నలడిగి, ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ ఆన్ చేసింది. రెండు దగ్గులు వినిపించాయి. మా ఆవిడ దగ్గు రోజురోజుకీ పండుతోందని అతను మురిసిపోయాడు.

"పనివాడేనండీ," అంది ఫోను. "పొగరు కాస్త ఎక్కువ. తను లేకపోతే గోడౌన్ ఆగిపోతుందని చెప్పి వెళ్ళాడు. ఎందుకాగుతుంది? అర అరకీ చీటీ అంటించి, ప్రతివాడికీ పని నేర్పి వెళ్ళాడాయె. ఇంట్లో ఖాళీ డబ్బాకి కూడా 'ఖాళీ' అని అంటించాడట."

డబ్బా సంగతి మేనేజరుకెలా తెలుస్తుంది? ఆవిడే. పైగా మేనేజరు ఈ జన్మలో ఇలా అనడు. ఇన్నాళ్ళూ తన మొహం మీద చెప్పని మాటని ఆవిడ గొంతు మార్చుకుని చెబుతోంది. తన మీద ఇంత గౌరవం ఉన్న మనిషి చేత అబద్ధమాడిస్తున్నానే అనుకోగానే అతను కుర్చీలోంచి లేచాడు.

"మేడమ్, ఆ మాట్లాడేది మేనేజరు గారు కాదు. మా ఆవిడ."

మేడమ్ ఫోను వైపు వంగింది.

"ఏమయ్యా," అంది ఫోను, "నేను నీ ఆవిడనా?"

"ఇక చాల్లేవోయ్, చెప్పేశాను," అన్నాడు ప్రేమగా.

అప్పుడు ఫోనులోంచి భార్య అసలు గొంతు వినిపించింది, కాస్త దూరంగా. "ఏవండీ, నేను పక్కనున్నాను. పొద్దున్నే ఆయన దగ్గరికొచ్చాను, మేడమ్ ఫోను రాగానే ఆయనకిచ్చాను. ఆయన్ని ఓయ్ అనకండి."

నేల చీలుతుందేమోనని చూశాడు. గోడౌన్ నేల, గట్టిగా వేశారు. ఇక దారిలేక నంబరు సంగతి మొత్తం కక్కేశాడు.

"ఆ అరలు నువ్వన్న గోడకే వేయించానులే," అన్నాడు మేనేజరు. "నీకు కబురు పెట్టడానికి నాకూ మొహం చెల్లలేదు."

మేడమ్ ఫోను ఆపేసింది. తప్పుడు నంబరు ఇచ్చినవాణ్ణి మామూలుగా అయితే గేటు దాటించేదాన్నని చెప్పింది. "కానీ అడక్కుండా తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఇప్పుడే చూడటం. అందులో సగం జరగని తప్పు. మందుల అరల దగ్గర అలాంటివాడుంటే నాకు నిద్ర పడుతుంది. కొన్నాళ్ళు చేసి చూపించండి."

ఇంటికొచ్చి, నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా అని భార్య మీద విసుక్కున్నాడు.

"చెబితే వెళ్ళనిచ్చేవారా?"

ఈ ప్రశ్న వాళ్ళు ప్రాక్టీసు చేయలేదు.

మొన్న బావమరిది ఉద్యోగం పోయి సలహా అడగడానికి వచ్చాడు. మన స్టోర్‌కీపరు కాలు మీద కాలు వేసుకున్నాడు. "చూడవోయ్, ఉద్యోగం సంపాదించాలంటే బుర్ర ఉండాలి. నా పథకం ఏమిటంటే..."

వంటింట్లోంచి రెండు దగ్గులు వినిపించాయి.

అతను లేచి నిలబడ్డాడు. "ముందు పాత మేనేజరు దగ్గరికెళ్ళి క్షమించమని అడగాలి," అన్నాడు. "నేను అడగలేదు. మీ అక్క అడిగింది."