దానమ్మ నెత్తిన కుండ

ఆ మంగళవారం పొద్దున్న దానమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఇంటి నుంచి కళింగపట్నం రేవు దాకా కర్ర లేకుండా, నెత్తిన బరువుతో నడిచి వెళ్ళాలి. మామూలు మనిషికి పది నిమిషాల దారి. మూడు నెలల కిందట వలతాడు కాలికి చుట్టుకుని చీలమండ విరిగిన మనిషికి ఎంత దారో ఎవరూ కొలవలేదు.

నడవకపోతే ఏమవుతుందో మాత్రం ఆవిడకి బాగా తెలుసు. రేవులో చేపల వేలంపాట పెట్టే పెద్దమనిషి జగన్నాధం కిందటి వారమే ఇంటికొచ్చి తేల్చేశాడు. "మంగళారం పాట మొదలెట్టేలోగా, బరువెత్తుకుని, నీ కాళ్ళ మీద నువ్వు రా దానమ్మా. వొచ్చేవా, నీ సోటు నీదే. ఆటోలో దిగి కూకుంటానంటే బుట్టెవులు మోస్తారు? జగ్గమ్మకిచ్చెస్తాను."

పడవలు ఆగే చోటికి ఎదురుగా, తాటాకు పందిరి నీడలో, ముప్పై ఏళ్ళుగా తను కూర్చుంటున్న చోటది. దాన్ని అవతల ఎండలో కూర్చుని చేపలమ్మే జగ్గమ్మకిస్తారా! ఆ మాట విన్నప్పటినుంచి దానమ్మకి కాలి నొప్పికన్నా కడుపుమంట ఎక్కువైంది.

సిమెంటు కట్టు విప్పాక ఆరు వారాలుగా ఇంట్లో నడుస్తూనే ఉంది, కుంటుతూనే ఉంది. "నెత్తి మీద ఏటీ నేకపోతే నాకు కాలెక్కడెయ్యాలో తెలీదే" అని ఆవిడ వాదన. చిత్రమేమిటంటే అది నిజం. బియ్యం డబ్బా నెత్తికెత్తుకుంటే చాలు, నడుము నిలబడేది, అడుగు సూటిగా పడేది. అలా డబ్బాతో పట్టుబడిన రోజే కోడలు యమున హడలిపోయి, చేపల బుట్ట దాచేసి, బియ్యం డబ్బా గదిలో పెట్టి తాళం వేసింది.

యమున కుళాయి దగ్గరికి వెళ్ళగానే దానమ్మ ఇల్లంతా గాలించింది. మోయదగ్గ వస్తువు ఒక్కటే దొరికింది. రోజూ కాలు నానబెట్టుకునే వెడల్పు మూతి కుండ. నిండా పసుపు నీళ్ళు, వాటిలో వేపరెమ్మలు. నెలన్నరగా పసుపు పట్టీ పట్టీ కుండ బయట కూడా పచ్చగా అయిపోయింది. పాత తువ్వాలు చుట్టి నెత్తిన పెట్టుకుని, కుండ ఎత్తుకుని, వాచిన కాలికి చెప్పు పట్టక రెండూ వదిలేసి గడప దాటింది.

మంగళవారం. పచ్చటి కుండ. వేపరెమ్మలు. ఉత్తికాళ్ళు. చూపు పక్కకి తిప్పకుండా ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తున్న ఆడమనిషి. వీధిలో వాళ్ళని ఏమనుకోమంటారు?

"ఓలమ్మోలమ్మ! దానమ్మక్క అమ్మోరికి ఘటం ఎత్తీసినాది!" అని ఎదురింటి ధనలక్ష్మి కేకపెట్టింది. "కాలు బాగైతే ఎత్తుతానని మొక్కుకున్నాదేటో!" అంటూ చెంబుడు పసుపు నీళ్ళు తెచ్చి దానమ్మ పాదాల మీద పోసి దండం పెట్టింది.

"ఒసే, నీళ్ళు పొయ్యకే! జారిపడతాను!" అని దానమ్మ అరిచేలోగా పక్కింటివాళ్ళు బిందె తెచ్చారు. ఆ పక్కింటివాళ్ళు బకెట్టే తెచ్చారు. దారంతా బురదైంది. ఇంతలో నూకయ్య డప్పు పట్టుకుని పరుగున వచ్చి ముందు నిలబడ్డాడు.

"ఇది ఘటం కాదురా నూకయ్యా, నా కాలు..." అంటోంది దానమ్మ. అమ్మవారు పలుకుతోందనుకుని నూకయ్య రెట్టింపు వాయించాడు.

సరిగ్గా అప్పుడే, కుళాయి దగ్గర సంగతి విన్న యమున ఆటో కట్టించుకుని ఎదురొచ్చింది. "అత్తా! నీకేటి మతిపోయినాదా? దించీ! ఆటో ఎక్కు!"

"ఎత్తిన ఘటం నడిదార్లో దించుతారేటే?" అని వీధి వీధంతా యమున మీద పడింది. "అమ్మోరు ఆటో ఎక్కుతాదేటి?"

"అమ్మోరేటి! అది మా అత్త కాలు నాన..."

నిజం చెబుదామని నోరు తెరిచిన దానమ్మ ఆటోని చూసి టక్కున మూసేసింది. కుండ సంగతి బయటపడితే మరుక్షణం తను ఆ సీట్లో ఉంటుంది. చోటు జగ్గమ్మకి పోతుంది. "వాయించరా నూకయ్యా!" అంది. కోడలి మాట డప్పులో కలిసిపోయింది.

ఇసుక మొదలైన చోట అసలు పరీక్ష వచ్చింది. మడమ దిగబడుతోంది, చీలమండ నిప్పులో పెట్టినట్టు మండుతోంది. ఏడుపు వచ్చింది. ఏడిస్తే కుండ కదులుతుందని ఏడవలేదు. మరొక్క అడుగు, మరొక్కటి అనుకుంటూ, వెనకాల అరవై మందితో, ముందు డప్పుతో రేవులోకి నడిచింది.

ఆ చోట్లో బుట్ట పెట్టుకుని కూర్చున్న జగ్గమ్మ గతుక్కుమని లేచి చెంపలేసుకుంది. దానమ్మ సరిగ్గా అక్కడే కుండ దించింది. "వొచ్చేను బావా! నా కాళ్ళ మీద నానే నడిసొచ్చేను!" అంది రొప్పుతూ.

జగన్నాధం ఆ మాట వింటేగా! కుండలోంచి దోసెడు నీళ్ళు తీసి, కళ్ళకద్దుకుని, భక్తిగా తాగి, మిగిలింది నెత్తిన జల్లుకున్నాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. "ఘటం దిగిన సోట ఇంక సేపలమ్మకూడదు. ఇక్కడ అమ్మోరికి గుడి కట్టాల!"

జనం జేజేలు పలికారు. దానమ్మ తన పందిరి వైపు చూసింది. ముప్పై ఏళ్ళ చోటు! ఇంత దూరం నడిచొచ్చి, తన చేతులతో తనే పోగొట్టుకుంది. కానీ అంత నడక నడిచిన మనిషి అంత తేలిగ్గా వదులుతుందా?

"బావా, ఒకపాలి ఇలాగ్రా" అని పిలిచి, ఆయన చెవిలో నెమ్మదిగా చెప్పింది. "అది నాను దినామూ కాలు నానబెట్టుకునే కుండ. అందరికీ సెప్పీమంటావేటి?"

జగన్నాధం తన దోసిలి చూసుకున్నాడు. కుండ చూశాడు. జనాన్ని చూశాడు. ఒళ్ళు జలదరించి నిలువునా ఊగిపోయాడు.

"జగన్నాధానికి అమ్మోరు పూనీసినాది!" అని ధనలక్ష్మి మళ్ళీ కేకపెట్టింది.

ఆ ఆసరా ఆయనకి చాలింది. "అమ్మ సెలవిచ్చినాది!" అని కళ్ళు మూసుకునే అరిచాడు. "గుడొద్దంతంది! ఘటం సముద్రంలో కలిపీమంతంది! ఈ సోటు దానమ్మదే! ఎవులూ దీని జోలికి రాకండి!"

కుండని జగ్గమ్మే స్వయంగా మోసుకెళ్ళి సముద్రంలో కలిపింది. యమున అదే ఆటోలో ఇంటికి వెళ్ళి, దాచిన బుట్ట తెచ్చి అత్త ముందు పెట్టింది. దానమ్మ పందిరి నీడలో కాలు చాపుకుని కూర్చుని, "పాటెట్టు బావా, ఎండెక్కిపోతంది" అంది.

జగన్నాధానికి వారం రోజులుగా అన్నం సయించడం లేదు. ఆ నీళ్ళు ఆ పొద్దున్నే కొత్తగా కాచినవనీ, వాటిలో తను ఇంకా కాలు పెట్టనే లేదనీ ఆయనకి చెప్పాలని దానమ్మ రోజూ అనుకుంటుంది గానీ, తీరికే దొరకడం లేదు.