అడగనివాడే అసలైన మగవాడు!

ఈ భూమ్మీద శాంతి ఇంకా కాస్తో కూస్తో మిగిలి ఉందంటే, అది దేశాధినేతల చలవ అనుకుంటున్నారా? కానే కాదు. మగవాళ్లు ఒకరి సంగతులు ఒకరు అడక్కపోవడం వల్ల!

నమ్మరా? ఒక్కసారి ఊహించుకోండి. ప్రతి మగవాడూ పక్కవాడి భుజం పట్టుకుని "ఎలా ఉన్నావురా, నిజం చెప్పు" అని అడగడం మొదలుపెడితే ఏమవుతుంది? పెట్రోలు బంకుల్లో వరస కదలదు. విమానాలు నేల మీదే ఉండిపోతాయి. మంగలి సగం గడ్డం గీసి, కత్తి పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంటాడు. మిగతా సగం ఎవరు గీస్తారు?

కానీ ఈ కాలం మగవాణ్ణి మగవాడిలా బతకనిస్తేనా! ఒకవైపు గుబురు గడ్డాల గురువులు ఫోన్లో ప్రత్యక్షమై, తెల్లారకముందే లేచి ఐసు నీళ్లలో మునిగితేనే మగాడివంటారు. ఏడాదిలో సగం మంచులోనే ఉండే అమెరికాలోని ఉత్తర మిన్నెసోటాలో ఐసు నీళ్ల కోసం కోర్సులో చేరేవాణ్ణి చూస్తే కుక్కలు కూడా జాలిపడతాయి. ఇంకోవైపు మనసు విప్పండి, ఏడవండి, కావలించుకోండి అని బోధనలు. నార్బీ ఫాల్స్ ఊరి లైబ్రరీ వాళ్లయితే "మగవాళ్లారా, రండి, మాట్లాడుకుందాం" అని బోర్డు కట్టి, ఉచితంగా డోనట్లు కూడా పెట్టారు. ఒకే ఒక్కడు వచ్చాడు. ఒక డోనట్ తీసుకుని, బయట తన ట్రక్కులో కూర్చుని తిని, ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ ఒక్కడే ఆర్విడ్ సుండ్‌క్విస్ట్. అరవైకి దగ్గర పడ్డవాడు. చలికాలం కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు, ఎండాకాలం అదే రోడ్ల గుంతలు పూడుస్తాడు. మాట తక్కువ, మర్యాద ఎక్కువ. పాతకాలపు మేలు రకం మగవాడు.

అతని ప్రాణస్నేహితుడు రేనో లాహ్తి. పడవల మోటార్లు బాగుచేస్తాడు. ఎన్నాళ్ల స్నేహమంటే, ఇద్దరికీ తల నిండా జుట్టున్నప్పటి నుంచి! ఏటా సరస్సు గట్టిగా గడ్డకట్టగానే రేనో తన చెక్క గుడిసెను ట్రక్కుతో లాక్కెళ్లి సరస్సు మధ్యలో నిలబెడతాడు. లోపల ఒక స్టవ్వు, రెండు స్టూళ్లు, కింద ఐసులో రెండు బెజ్జాలు. శనివారం వస్తే ఇద్దరూ చెరో బెజ్జంలోకి గాలం వదిలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నల్లటి నీళ్లవైపు చూస్తూ కూర్చుంటారు. ఎదురెదురుగా కాదు సుమా, పక్కపక్కన! ముఖాలు చూసుకుంటే ఏదో ఒకటి కనపడే ప్రమాదం ఉంది.

ఈసారి చలికాలం మొదట్లో ఆ గుడిసెలోకి ఒక దిండు వచ్చింది. ఆర్విడ్ చూశాడు. అడగలేదు. వీడికి మెడనొప్పి కాబోలు అనుకున్నాడు. తర్వాతి శనివారం అరమీద టూత్‌బ్రష్ కనిపించింది. పళ్ల శుభ్రత మంచిదే కదా! ఆ తర్వాత కిటికీకి పూల పరదా. గుమ్మం ముందు "సుస్వాగతం" అని రాసిన, కాళ్లు తుడుచుకునే పట్టా. మేకుకు వేలాడుతూ రేనో పెళ్లినాటి సూటు. సూటు భుజాల మీద మంచు పట్టి ఉండటం చూసి కూడా ఆర్విడ్ చేపల గురించే ఆలోచించాడంటే, ఎంతటి నిగ్రహమో మీరే చెప్పండి! మునులు తపస్సు చేస్తే ఇంతకన్నా ఏం సాధించారు?

జనవరిలో ఒక శనివారం స్టవ్వు పక్కన బూడిదరంగు పిల్లి పడుకుని ఉంది.

"పిల్లి," అన్నాడు ఆర్విడ్.

"ఆఁ, పిల్లే," అన్నాడు రేనో.

ఆ చలికాలంలో వాళ్లిద్దరి మధ్య జరిగిన అతి పెద్ద సంభాషణ అది.

ఇంత చక్కగా సాగుతున్న స్నేహాన్ని చెడగొట్టింది ఎవరనుకున్నారు? ఆర్విడ్ భార్య మార్లిస్. ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చిలో కాఫీ తాగి ఇంటికొచ్చింది. కోటు కూడా విప్పకుండా టీవీకి అడ్డంగా నిలబడింది.

"రేనో పెళ్లాం వెళ్లిపోయిందట, తెలుసా నీకు?"

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటయ్యా! డార్లా వాణ్ణి వదిలేసింది. సెప్టెంబర్లోనే. ఇల్లు కూడా అమ్మేశారట."

ఆర్విడ్ హాకీ ఆట శబ్దం తగ్గించాడు. అతని లెక్కన అది గుండెలు బాదుకుని ఏడవడంతో సమానం.

"నిన్న పొద్దస్తమానం వాడి పక్కనే కదా కూర్చున్నావు? ఏం మాట్లాడుకున్నారు?"

"ఐసు తవ్వే డ్రిల్లు మొద్దుబారిందన్నాడు."

"ఇంకా?"

ఆర్విడ్ నిజాయితీగా గుర్తు తెచ్చుకున్నాడు. "నేను అవునన్నాను."

"ఇల్లు లేకపోతే మరి వాడెక్కడ ఉంటున్నట్టు?"

దిండు, టూత్‌బ్రష్, పరదా, పట్టా, సూటు అన్నీ వరసగా ఆర్విడ్ కళ్లముందు నిలబడ్డాయి. గొంతు సవరించుకున్నాడు. "గుడిసెలోనే అనుకుంటా. పిల్లి కూడా ఉంది."

"పిల్లిని చూసి కూడా అడగలేదా నువ్వు?"

"అడిగా. పిల్లేనన్నాడు."

మార్లిస్ కుర్చీలో కూలబడింది. "దేవుడా! ఇద్దరూ కలిసి ఒక మనిషంత కూడా లేరు కదయ్యా! ఈ శనివారం వెళ్లి వాడెలా ఉన్నాడో అడుగు. నోటితో అడుగు. మనింటికి రమ్మను."

ఆడవాళ్లకేం, చెప్పడం తేలిక! "ఎలా ఉన్నావు" అని ఒక మగవాడు ఇంకో మగవాణ్ణి నిజంగా అడగాలంటే ఎంత సాహసం కావాలో వాళ్లకేం తెలుసు? ఆ వారమంతా ఆర్విడ్ మంచు తోసే బండిలో ఒంటరిగా ఆ మాట వల్లెవేసుకున్నాడు. ఒకసారి వల్లెవేతలో పడి ఎవరిదో తపాలా పెట్టె కూడా తోసేశాడు.

శనివారం వచ్చింది. గాలాలు వేశారు. చాలాసేపటికి ఆర్విడ్ నీళ్లవైపే చూస్తూ అన్నాడు, "ఏరా... ఎలా ఉన్నావ్?"

రేనో ఉలిక్కిపడ్డాడు. గాలం చేతిలోంచి జారబోయింది. "ఏమైందిరా? డాక్టరు ఏమన్నాడు? పెద్ద జబ్బా?"

"నాకేం కాలేదురా."

"మరి అలా అడిగావేంట్రా, గుండాగినంత పనైంది!"

"ఊరికే."

"ఊరికే అడుగుతారా ఎవరైనా?"

ఇద్దరూ సిగ్గుతో చచ్చిపోయారు. మళ్లీ ఆ ప్రస్తావన రాకూడదని ఆర్విడ్ హడావిడిగా డ్రిల్లు బ్లేడు అందుకుని, ఆ వారమే రేనో పదును పెట్టుకున్నదాన్ని మళ్లీ పదును పెట్టాడు. చూశారా, అడగడం వల్ల ఎంత నష్టమో!

మార్చి వచ్చింది. ఎండ కాసింది. ఐసు తెలుపు పోయి బూడిదరంగుకి తిరిగింది. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే గుడిసెలు ఒడ్డుకు లాక్కున్నారు. చివరికి అంత పెద్ద సరస్సు మీద ఒక్క రేనో గుడిసే మిగిలింది. పొగగొట్టంలోంచి సన్నగా పొగ. ఒడ్డు వెంబడి నీళ్లు తేలాయి. వచ్చేపోయే కార్లు ఆగి చూడటం మొదలుపెట్టాయి. ఒడ్డున కాఫీ దుకాణంలో మగవాళ్లందరూ కిటికీ దగ్గర చేరి, గుడిసె ఏ రోజు మునుగుతుందో అని పందేలు కాశారు. వాడెందుకు రావడం లేదని ఒక్కడూ అడగలేదు. ఎంత మర్యాదస్తులో!

ఆర్విడ్ కూడా ఆ కిటికీలోంచి చూసి ఇంటికొచ్చాడు. మార్లిస్ అతని కోటు, అతని బూట్లు, గరాజ్‌లోని అల్యూమినియం నిచ్చెన గుమ్మం ముందు పెట్టి ఉంచింది.

"వాడు లేకుండా తిరిగొచ్చావో, తలుపు తియ్యను," అంది.

ఐసు విరిగితే దాని మీద వాలడానికని ఆర్విడ్ నిచ్చెనకు తాడు కట్టి ఐసు మీద లాక్కుంటూ బయల్దేరాడు. ఐసు కింద నీళ్లు కదులుతున్న చప్పుడు కాళ్లకు తెలుస్తోంది. సగం దూరం వెళ్లాక కుడికాలు కింద ఐసు మెత్తబడి, తొడదాకా లోపలికి దిగిపోయింది. నిచ్చెన మీద బోర్లా పడ్డాడు. చల్లదనానికి ఊపిరి ఆడలేదు. వెనక్కి చూస్తే ఒడ్డు దూరం. ముందుకు చూస్తే గుడిసె దూరం. అంత చలిలోనూ ఒళ్లంతా చెమట పట్టింది. కాసేపు అలాగే బోర్లా పడి ఉండి, కాలు పైకి లాక్కుని, పాకుతూ వెళ్లాడు.

తలుపు తోస్తే, లోపల చీలమండ లోతు నీళ్లు. రేనో స్టూలు మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లి అరమీద కూర్చుని చేపేదైనా వస్తుందేమోనని నేల మీది నీళ్లకేసి ఆశగా చూస్తోంది.

"వచ్చావా," అన్నాడు రేనో.

"వచ్చా."

"తడిశావు."

"కొంచెం."

స్టవ్వు మీద కాఫీ మరుగుతోంది. ఆర్విడ్ పళ్లు టకటకమంటున్నాయి. "అందరూ గుడిసెలు తీసేశార్రా," అన్నాడు.

"చూశా. ఇంకో రెండ్రోజులు చూద్దామనుకున్నా."

"చూసి?"

రేనో కాళ్లు ఇంకాస్త పైకి ముడుచుకున్నాడు. నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు. ఈసారి అతని చేతిలో గాలం లేదు.

ఆర్విడ్ మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. గడ్డం మాసిపోయి, బుగ్గలు లోపలికి పోయి, ఎవరో ముసలాయనలా ఉన్నాడు. నువ్వు లేకపోతే నాకెవరున్నార్రా అనాలనిపించింది. తీరా నోరు తెరిచాక ఇంకోటి వచ్చింది.

"మా ఇంటి కింది గదిలో ఊరే నీళ్లు బయటికి తోడే పంపు పాడైందిరా. నాకు చేతకావడం లేదు."

రేనో తలెత్తాడు. "ఏమైంది దానికి?"

"గరగరమంటోంది."

"బేరింగై ఉంటుంది." స్టూలు మీంచి ఒక కాలు దించాడు. "ఇప్పుడే రావాలా?"

"ఇప్పుడే. ఇల్లు మునిగిపోయేలా ఉంది."

చీలమండ లోతు నీళ్లలో నిలబడి ఆ మాటన్నాడు! రేనో ఇంకేం అడగలేదు. లేచి పిల్లిని తీసి కోటు లోపల పెట్టుకున్నాడు. "దీన్ని తేవచ్చా?"

"పంపుకేం అభ్యంతరం లేదు."

నిచ్చెనకు చెరో కొసా పట్టుకుని, కొంత నడిచి, కొంత పాకి, ఒడ్డు చేరారు. మర్నాడు మధ్యాహ్నానికి గుడిసె ఒక పక్కకు ఒరిగి, పొగగొట్టం దాకా దిగిపోయింది. కాఫీ దుకాణంలో పందెం గెలిచినవాడు అందరికీ కేకు ముక్కలు కొనిపెట్టాడు.

గమనించారా? ఒక్క మనసు కూడా విప్పకుండా, ఒక్క కౌగిలింత కూడా లేకుండా, ఒక మనిషి ప్రాణం నిలబడింది. మనోవైద్యులు నెలల తరబడి చేసేదాన్ని ఒక పంపు చేసేసింది!

పంపు మాత్రం శుభ్రంగా ఉంది. రేనో మొత్తం విప్పి చూశాడు, బేరింగు కొత్తదానిలా మెరుస్తోంది. ఆ మాట పైకి అనలేదు. విప్పినదాన్ని బిగించడానికి ఒక రోజంతా తీసుకున్నాడు. బిగించేసరికి ఆర్విడ్ కిందికి దిగి, ఎవరూ చూడకుండా ఒక స్క్రూ వదులు చేసి పెట్టాడు. "ఏరా, మళ్లీ గరగరమంటోంది" అన్నాడు. రేనో బిగించాడు. ఆర్విడ్ వదులు చేశాడు. ఇలా ఏప్రిల్ వచ్చింది. ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అనలేదు. ఇంతకన్నా గాఢమైన ప్రేమకథ ఎక్కడైనా విన్నారా?

ఒక రోజు మధ్యాహ్నం మార్లిస్ వంటింట్లో బంగాళాదుంపలు తరుగుతోంది. రేనో చేతులు కడుక్కోవడానికి వచ్చాడు. ఆమె తల కూడా ఎత్తకుండా అడిగేసింది.

"రేనో, డార్లా ఎందుకు వెళ్లిపోయింది?"

అంతే! రేనో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. తరిగిన దుంపలు నల్లబడ్డాయి, పొయ్యి మీద నీళ్లు ఇగిరిపోయాయి, అతను ఆగలేదు. అతనితో కాపురం గడ్డకట్టిన సరస్సుతో కాపురంలా ఉందందట డార్లా. లోపల ఏముందో తెలియాలంటే రోజూ బెజ్జం పెట్టుకోవాలి, నా చేతులు నొప్పెడుతున్నాయి అందట. చెబుతూ చెబుతూ రేనో తల బల్లకు ఆనించి, భుజాలు కదిలేలా ఏడ్చాడు. మార్లిస్ చాకు పక్కన పెట్టి అతని వీపు నిమిరింది.

ఆర్విడ్ కిందిగది మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు. ఉండబట్టలేక పైకి వచ్చాడు.

"ఇన్నాళ్లూ పక్కనే కూర్చున్నా కదరా. నాకొక్క మాట చెప్పలేదేం?"

రేనో చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. కోపంగా చూడలేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

"నువ్వడగలేదుగా."

ఆ మర్నాడు మార్లిస్, రేనో కలిసి పిల్లికి తిండి కొనడానికి వెళ్లారు. ఇంట్లో ఆర్విడ్ ఒక్కడే ఉన్నాడు. ఫోన్ మోగింది. డులూత్ నగరం నుంచి కూతురు బ్రిట్టా.

"నాన్నా, ఎలా ఉన్నావు?"

"బాగానే ఉన్నా. ఉండు, అమ్మకిస్తా." అలవాటుగా ఫోన్ చాచాడు. అందుకునేవాళ్లు లేరు. మళ్లీ చెవిదగ్గర పెట్టుకున్నాడు. "అమ్మ లేదమ్మా."

"అమ్మ కోసం కాదు నాన్నా. నిన్నే అడిగాను."

ఆర్విడ్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. వెనక్కి వచ్చాడు. బ్రిట్టా ఫోన్ పెట్టలేదు, తొందర పెట్టలేదు.

"ఆ రోజు ఐసు మీద," అన్నాడు చివరికి, "నాకు చాలా భయమేసింది తల్లీ."

"చెప్పు నాన్నా."

చెప్పాడు. మార్లిస్ వాళ్లు తిరిగొచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. సంచులు దించుతూ ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. రేనో పిల్లి తిండి డబ్బా చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఏమేం చెప్పాడో ఇక్కడ రాయను. చదివేది మగవాళ్లయితే మీరెలాగూ అడగరు. పక్క స్టూలు మీద కూర్చున్నవాణ్ణే అడగనివాళ్లు, నన్నేం అడుగుతారు?